ఇటలీ పల్లెల్లో జనం తక్కువుండే చోటు ఏది?

ప్రశ్న:
మాది తిరుపతి. పుట్టినప్పట్నుంచీ జనంలోనే బతుకు. బ్రహ్మోత్సవాలప్పుడు వీధి చివర పాలపాకెట్టుకు పోయిరావాలన్నా తోపులాటే. సెప్టెంబరులో నేనూ మా ఆయనా పది రోజులు ఇటలీ పోతా ఉండాం. అక్కడా క్యూలో నిలబడమంటే నా వల్ల కాదు. అందరూ టస్కనీ అంటారు. ఇంకేమైనా ఉందా? మేం శాకాహారులం.

జవాబు:
అక్కా, టస్కనీ పక్కనే ఉంబ్రియా అనే ప్రాంతం ఉంది. అందులో అస్సీసీకి యాత్రికులు చానా మంది, మన కొండ మాదిరే. దాన్ని పొద్దున్నే చూసేసి, దగ్గర్లోని చిన్న ఊర్లు స్పెల్లోలోనో బెవాన్యాలోనో దిగండి. మేం బెవాన్యా దగ్గర అగ్రితురిజ్మోలో ఉన్నాం, అంటే రైతులు తమ పొలంలోనే అద్దెకిచ్చే గదులు. సాయంత్రమైతే ఆలివ్ తోటలో కుక్క అరుపు తప్ప చప్పుడు లేదు. శనగలేసిన పాస్తా పెట్టారు. పచ్చిమిరపకాయే లేదని మా అమ్మ గొణిగింది గానీ, రెండోసారి పెట్టించుకునింది! చీజు సంగతి ముందే అడగండి. పెకొరీనో అనే గొర్రెపాల చీజుకు చానావరకు పాలు విరిచేది గొర్రెపిల్ల పొట్టలోంచో దూడ పొట్టలోంచో తీసిన రెన్నెట్‌తో.

ఇంకో జవాబు:
కారు తీసుకుంటే ఇక్కడే ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. పాత ఊర్లలో జెడ్‌టీఎల్ బోర్డు, అంటే అనుమతి లేని బండ్లు లోపలికి రాకూడదనే బోర్డు, దాటి పోవద్దు, కెమెరా పట్టేస్తుంది. మేం చిత్తూరు తిరిగొచ్చిన కొన్ని నెలలకు జరిమానా కాగితం ఇంటికొచ్చింది.

అడిగినామె:
ఇది చదివి మా ఆయన కారే వద్దంటా ఉండాడు. స్పెల్లోకు రైలుంది కదా?

మొదటాయన:
ఉందక్కా. ఆదివారం మాత్రం రైళ్లు తక్కువ, టైము చూసుకోండి.