హక్కుల వకీలు, లా పాఠాలు: రెండూ కుదురుతాయా?

దేవరకొండ నుంచి: లా ఫైనలియర్. కన్నబిరాన్ గారిలా పౌరహక్కుల కేసులు వాదించాలని ఉంది, కానీ ఇంట్లో నెలజీతం కావాలంటున్నారు. కాలేజీలో చెబుతూ కోర్టుకు వెళ్లొచ్చా అన్నా?

నల్గొండ వకీలు: ఫుల్‌టైమ్ జీతం తీసుకుంటే ప్రాక్టీసు ఆపాల్సిందే తమ్ముడూ. పార్ట్‌టైమ్ అయితే వకీళ్లు లా పాఠాలు చెప్పడంపై కేంద్రం పెట్టిన 1979 రూల్స్ ప్రకారం రోజుకు 3 గంటలు మించకుండా చెప్పొచ్చు, కోర్టు పనీ ఆగదు. ఆ డబ్బుతో ఇల్లు గడవడం మాత్రం కష్టం, ముందే చెబుతున్నా.

ఇంకొకరు: హక్కుల వకీలు బాలగోపాల్ గారు ముందు కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన మనిషి, వకీలు అయింది 1998లో. తొందరేముంది? ఎల్‌ఎల్‌ఎం (లా పీజీ) చేసి, లెక్చరర్ పోస్టుకు పనికొచ్చే నెట్ పరీక్ష రాయి.

పాలమూరు నుంచి: పేదలకు ఉచితంగా వకీలును ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌కు (వకీళ్ల జాబితాకు) ప్రయత్నించు. ఫీజు తక్కువే, కానీ వలస కూలీల కేసులు, 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం అక్కడే ఒంటబడతాయి.