పాత సుత్తితో టోమహాక్: నీళ్లలో ముంచాలా, నూనెలోనా?

గ్యారేజీ_కొలిమి: ఒహైయోలో ఉంటాను. ఇక్కడ పాత సామాన్ల సంతలో 6 డాలర్లకి బాల్ పీన్ సుత్తి (ఒక పక్క గుండ్రంగా ఉండేది) దొరికింది, రెండు పౌండ్లది. గ్యాస్ కొలిమిలో కాల్చి ఒక పక్క సాగగొట్టి టోమహాక్, అంటే అమెరికా ఆదివాసుల చేతి గొడ్డలి, చేశా, గుండ్రటి పక్క అలాగే ఉంచా. కామ పైనుంచి దిగి బిగుసుకునేలా బెజ్జాన్ని పైవైపు వెడల్పు చేశా, మన గైంతికి ఉన్నట్టు. తీరా వాదర గట్టిపడాలని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచగానే 'టిక్' మంది. వాదర నుంచి వేలెడు పగులు. నూనె వాడాల్సిందా?

ఉక్కు_పిచ్చి: నూనే. సుత్తిలో కార్బన్ ఇంచుమించు అర శాతం, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. 770 డిగ్రీల దగ్గర అయస్కాంతం పట్టడం మానేస్తుంది, ఇంకాస్త కాల్చి గోరువెచ్చటి నూనెలో ముంచాలి. నీళ్లయితే పలచటి వాదర క్షణంలో బిగుసుకుంటుంది, బెజ్జం దగ్గర మందం ఇంకా ఎర్రగానే ఉంటుంది. ఆ లాగులాటకే పగిలింది. తర్వాత పెళుసుదనం తగ్గడానికి ఓవెన్‌లో 200 డిగ్రీల పైన రెండు గంటలు, రెండు సార్లు.

తుమ్మబొగ్గు: మా నాయిన నలభై ఏండ్లు నీళ్లతోనే పదును పెట్టిండు. ఒక్క గొడ్డలి పగల్లే.

ఉక్కు_పిచ్చి: ఆయన వాడిన ఇనుము ఏమిటో తెలియకుండా ఆ లెక్క ఇక్కడ పనికిరాదు.

గోదారి_గాలి: డమాస్కస్ కత్తులకి ఉక్కు పంపింది మన నిజామాబాద్ కోనసముద్రం. మనకి ఓవెన్లు నేర్పుతున్నారు 😄

ఉక్కు_పిచ్చి: దానికీ దీనికీ సంబంధమేంటండీ?

పాత_పుటలు: అసలిది టోమహాక్ కాదు. ఆ మాట అల్గాంక్వియన్ అనే అమెరికా ఆదివాసీ భాషలది. పాతవాటిలో ఎక్కువ మెత్తటి ఇనుప పట్టీని మడిచి, వాదరకి మాత్రం ఉక్కు ముక్క అతికినవి. 1804-05 చలికాలంలో అమెరికా పడమటి వైపు దారి వెతుకుతూ వెళ్లిన లూయిస్, క్లార్క్ దండు మాండన్ అనే ఆదివాసుల ఊళ్ల పక్కన ఉన్నప్పుడు జాన్ షీల్డ్స్ అనే కమ్మరి గొడ్డళ్లు కొడితే వాటికి బదులు మొక్కజొన్నలు తెచ్చుకున్నారు. నీది గోడకి తగిలించుకునే బొమ్మ.

గ్యారేజీ_కొలిమి: అవును, గోడకే. తప్పా?

తుమ్మబొగ్గు: తప్పే. పని చేసే సుత్తిని చంపి బొమ్మ చేస్తవా?

ఉక్కు_పిచ్చి: నీళ్ల సంగతి తేల్చకుండా మాట మార్చకండి. మీ నాన్న చేసినవాటిలో పగిలినవి మీకు చూపించి ఉండరు.

తుమ్మబొగ్గు: నోరు జాగ్రత్త. నువ్వు ఆయన దాగలి ముందర కూసున్నవా? తిత్తి నేను ఊదిన, ఎనిమిదేండ్లప్పటి సంది. ఆయన పోయినంక మా అన్నలు సుత్తులు, సమ్మెట, పట్టకార్లు అన్నీ కిలోల లెక్కన పాత సామాన్లోనికి ఏసిర్రు. పిడి మీద ఆయన బొటనవేలు గుంట పడ్డ సుత్తి గూడ. నేను హైదరాబాద్ల డ్యూటీల ఉన్న, తెల్సేసరికి అయిపోయింది. అది సుత్తి లెక్కనే ఉంటే ఎవరో ఒకరు కొడుతుండొచ్చు అనుకుంటుంట. మా నాయిన కొడితే కమ్మరోడు, వాకిట్లనే నిలబెట్టిర్రు. మీరు కొడితే హాబీ, ఫొటోలు. నీళ్లా నూనెనా అన్నది నాకెందుకు?

గోదారి_గాలి: ...

గ్యారేజీ_కొలిమి: అన్నా, ఇది నాకు తట్టలేదు. సుత్తి కొన్నది మాత్రం తుప్పు పట్టి పడి ఉంటేనే. ఒక్కటి చెప్పు, మీ నాయన మొత్తం ముంచేవాడా?

తుమ్మబొగ్గు: మొత్తం ఎవడు ముంచుతడు? వాదర, బొటనవేలు మందం అంతే. తీసి రాయి మీద రుద్దితే లోపలి వేడి కిందికి దిగుతది, రంగు నడుస్తది. గోధుమ రంగు రాంగనే మళ్ల ముంచుడు.

ఉక్కు_పిచ్చి: ఇది మొదటే చెప్పొచ్చుగా. వాదర ఒక్కటే అయితే లాగులాట తక్కువే. అయినా నేను నూనే వాడతాను.

తుమ్మబొగ్గు: నన్ను అడిగిర్రా?

గ్యారేజీ_కొలిమి: రెండో సుత్తి ఒకటుంది. దాంతో అలా చేసి చూడనా?

తుమ్మబొగ్గు: దాన్ని ముట్టకు. తుప్పు గీకి కామ ఎక్కియ్యి. గొడ్డలే కావాల్నంటే లారీ కమాన్ పట్టీ ముక్క తెచ్చుకో.