భర్తను పోగొట్టుకున్న సహోదరి ప్రార్థన వద్దంటోంది, ఎలా తోడుండాలి?

మా సంఘంలో ఒక సహోదరి భర్త చనిపోయి 4 నెలలైంది. మొదటి 2 ఆదివారాలు ఆరాధనకు వచ్చింది, వెనక వరసలో కూర్చుంది. పాటలప్పుడు నోరు మెదపలేదు. ఆ తర్వాత రావడం మానేసింది. ఉద్యోగానికి మాత్రం వెళ్తోంది, తిండీ నిద్రా ఫర్వాలేదంది.

మొదట 40 రోజులు రోజూ పొద్దున 6 గంటలకు వాట్సాప్‌లో ఒక బైబిల్ వాక్యం పంపాను. నీలం టిక్కులు పడేవి, జవాబు లేదు. తర్వాత ఆరుగురం ఇంటికెళ్లాం. మాలో ఒకరు రోమా 8:28 చదివి, అంతా మేలుకే అనగానే ఆమె లేచి లోపలికెళ్లిపోయింది, మేం బయల్దేరేదాకా రాలేదు. (అది చెప్పే సమయం కాదని నాకూ అనిపించింది, ఆపలేకపోయాను.) సంఘంగా కూడుకోవడం మానొద్దని చెప్పే హెబ్రీ 10:25 గుర్తుచేస్తూ పాస్టరుగారు ఫోన్ చేశారు. అప్పట్నుంచి ఆయన ఫోనూ ఎత్తడం లేదు.

బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు కదా, నోరు తెరిచాకే చెడింది. అందుకే పోయిన గురువారం ఒక్కదాన్నే వెళ్లి గంటసేపు ఊరికే కూర్చున్నాను. వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి, గడియ పట్టుకుని, "మళ్లీ రా అక్కా, ప్రార్థన మాత్రం వద్దు" అంది.

చీకటి మాటతోనే ముగిసే 88వ కీర్తన కలిసి చదువుదామా అనుకున్నాను. అదీ ఒత్తిడేనేమో.

ఇలాంటి దుఃఖం దాటినవాళ్లు చెప్పండి: మీ అంతట మీరే అడిగేదాకా ప్రార్థన మాట ఎత్తకపోవడం మీకు సాయపడిందా, లేక ఎవరో ఒకరు మెల్లగా అడగడమా?