తుఫానుల రోజులు రాకముందే ఊళ్ళో ఇల్లు సిద్ధం చేయాలి, ఎక్కడ మొదలెట్టాలి?

కవిటి అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక ఊరు. అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు, నా ఉద్యోగం బెంగళూరులో. వినాయక చవితికి సెలవు పెట్టి వస్తున్నాను. దసరాకి సెలవు దొరికేలా లేదు, అందుకని ఇంటికి చేయాల్సిన పనులన్నీ ఈ రాకలోనే చేయించేయాలని ఉంది.

ఇంటి ముందు భాగం రెండు గదులు స్లాబ్. వెనక వంటిల్లు బంగాళా పెంకులు. పశువుల శాలకి సిమెంటు రేకులు, అందులో ఒక ఆవు, దూడ. పెరట్లో వంటింటి మీదకి వాలిన పనస చెట్టు, గోడ పక్కన మునగ, కొంచెం దూరంలో కొబ్బరి చెట్లు ఉన్నాయి. తాగునీళ్ళు కొంటాం, వాడుకకి నుయ్యి, దానికి మోటారు.

అసలు టెన్షన్ నాన్న గురించి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి సోంపేట వెళ్తారు. తిత్లీ తుఫాను అప్పటికి ఆయనకి ఈ జబ్బు లేదు. ఇప్పుడు అలాంటిది వస్తే ఏం చేయాలో అమ్మకి తెలియదు, నాకూ తెలియదు. దగ్గర నుంచి చూసినవాళ్ళు చెప్పండి.

మందస అప్ప:

తమ్ముడూ, చవితికే మొదలుపెడుతున్నావు, అదే సరైన టైము. తేదీలు ఒకసారి చూడు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మళ్ళీ ఏడాది అదే రోజున హుద్‌హుద్ విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన పలాస పక్కనే దాటింది. 2021లో గులాబ్ అయితే సెప్టెంబరు 26కే వచ్చేసింది. అంచేత సెప్టెంబరు సగానికల్లా ఇంటి పని ముగిసిపోవాలి. తుఫాను కబురు టీవీలో వచ్చాక ఏ మేస్త్రీ దొరకడు, చెట్టెక్కే మనిషి అసలే దొరకడు.

నువ్వు చెప్పినవాటిలో నాకు భయం వేసేది ఆ రేకుల శాల. గాలి రేకుని కిందకి నొక్కుతుందని అనుకుంటాం. నిజానికి పైకి లాగుతుంది. పైన వేగంగా పోయే గాలి రేకుని ఎత్తుతుంటే, శాల తెరిచి ఉన్న వైపు నుంచి దూరిన గాలి కింద నుంచి తోస్తుంది. చూరు అంచులూ మూలలూ ముందు లేస్తాయి. తిత్లీకి మా వీధిలో ముందుగా లేచినవన్నీ చూరు వైపు మొదటి వరస రేకులే. ఒకటి లేచాక మిగతావాటికి అడ్డేముంది?

కాబట్టి నిచ్చెన వేయించి, రేకుని వాసానికి పట్టి ఉంచే ఒక్కో కొక్కేన్నీ చూడు. నట్టు వేళ్ళతో తిప్పితే తిరిగిపోతుంటే ఆ కొక్కెం పట్టు వదిలేసిందన్నమాట, మార్చేయ్. నట్టు కింద నల్లటి వాషరు ఉంటుంది, దాన్ని గోటితో గిల్లు. పొడి రాలితే దాని పని అయిపోయింది. చూరు వరసకీ మూలలకీ మిగతా చోట్ల కంటే దగ్గర దగ్గరగా కొక్కేలు వేయించు. చూరు బయటికి బాగా చాచి ఉంటే కింద ఇంకో వాసం వేసి దానికి బిగించమను. రేకు మీద నేరుగా కాలు పెట్టనివ్వకు, వాసాల మీద ఆనేలా పలక వేసుకుని నడవాలి. కన్నం పెట్టేటప్పుడు నీళ్ళు చల్లుతూ పెట్టమను, ముక్కుకి గుడ్డ కట్టుకోమను. ఆ సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటే దాని దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. ఈ మాట పనివాళ్ళకి ఎవరూ చెప్పరు, నువ్వు చెప్పు.

వంటింటికి వస్తే, పెంకులు తీయించి రీపర్లు, అంటే పెంకులు ఆనే చెక్క బద్దలు, చూడాలి. స్క్రూడ్రైవరుతో పొడిచినప్పుడు మెత్తగా దిగితే పుచ్చిపోయినట్టే. కొప్పు పెంకుల కింద సున్నమో సిమెంటో ఊడిపోయి ఉంటే మళ్ళీ పెట్టించు. చూరు వైపు రెండు వరసలు తుప్పు పట్టని తీగతో రీపరుకి కట్టించు. కొన్ని పెంకులు అదనంగా కొని స్లాబ్ గదిలో ఒక మూల పెట్టేయ్. తుఫాను వెళ్ళిన మర్నాడు వాటి ధర నువ్వు వినలేవు.

స్లాబ్‌కి పెద్ద పని లేదు. నీళ్ళు పోయే గొట్టాల్లో ఆకులు తీయిస్తే చాలు.

చెట్ల సంగతి కొంచెం కష్టమే, ఎందుకంటే అమ్మానాన్నా ఒప్పుకోవాలి. మునగ కొమ్మ చాలా పెళుసు, చిన్న గాలికే విరుగుతుంది. దాన్ని ఛాతీ ఎత్తుకి కొట్టేసినా మళ్ళీ చిగురిస్తుంది, బెంగ అక్కర్లేదు. పనసకి మాత్రం వంటింటి మీద వాలిన కొమ్మలు కొట్టించక తప్పదు. మా అత్తగారు పనస చెట్టు మీద కత్తి పెట్టనిచ్చేవారు కాదు. ఆవిడకి చెట్టంతా కాదు, ఇంటి మీదున్న రెండు కొమ్మలే అని చూపించి ఒప్పించాం. కొబ్బరికి ఎండు మట్టలు, ముదిరిన గెలలు దింపించు. పచ్చి మట్టలు నరకొద్దు, చెట్టు నీరసపడిపోతుంది.

ఇక ఒక మాట గట్టిగా చెబుతాను. అందరూ ఆ ఒక్క రాత్రి గురించే ఆలోచిస్తారు. గాలి కొన్ని గంటలు ఉండి పోతుంది. ఆ తర్వాత కరెంటు లేని రోజులు ఉంటాయి చూడు, మనుషుల్ని అవి నలిపేస్తాయి. తిత్లీ తర్వాత స్తంభాలు వరసగా పడుకున్నాయి, జీడి చెట్లు వేళ్ళతో సహా లేచి రోడ్ల మీద పడ్డాయి. మోటారు తిరగదు, నీళ్ళ బండి ఊళ్ళోకి రాలేదు. నూతికి గిలకా, చేంతాడూ, బకెట్టూ పెట్టించి ఉంచు. ఇప్పుడు చాలా ఇళ్ళలో మోటారు వచ్చాక గిలక తీసేశారు. వెయ్యి లీటర్ల ట్యాంకు ముందు రోజే నింపేయాలి. నిండితే టన్ను బరువు, గాలికి కదలదు, నీళ్ళూ ఉంటాయి. తాగే నీళ్ళ డబ్బాలు విడిగా పెట్టుకోండి. తర్వాత నూతి నీళ్ళలో క్లోరిన్ వేయకుండా, కాచకుండా తాగొద్దు.

గ్యాసు రెండో సిలిండరు నింపి ఉంచండి. నాలుగు మోపుల ఎండు కట్టెలు కూడా లోపల పెట్టించు. చోడిపిండి (రాగిపిండి), అటుకులు, పెసరపప్పు ఉంటే అమ్మ ఎలాగో నెట్టుకొస్తుంది. పాసుపుస్తకం, ఆధార్, రేషన్‌ కార్డు, నాన్నగారి ఆసుపత్రి ఫైలు ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టేయ్. తోట ఉంటే చెట్లకీ, ఇంటికీ, శాలకీ ఇప్పుడే ఫోనులో ఫొటోలు తీయి. నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు పడిపోకముందు ఎలా ఉందో చూపించగలిగితే చాలా తేడా ఉంటుంది.

ఆ రాత్రి ఇద్దరూ స్లాబ్ గదిలో, చెట్టుకి దూరంగా ఉన్న వైపు ఉండాలి. పలుపు విప్పి ఆవునీ దూడనీ వదిలేయాలి, కట్టేసి ఉంచొద్దు. గాలి హఠాత్తుగా ఆగిపోయి ఆకు కదలకపోతే తుఫాను పోయిందని బయటికి రావద్దని అమ్మకి రెండుసార్లు చెప్పు. అది తుఫాను కన్ను అయితే కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి మళ్ళీ మొదలవుతుంది.

నాన్నగారి విషయం నేను చెప్పకూడదు, తెలిసినవాళ్ళు చెప్పాలి.

డయాలసిస్ స్టాఫ్, పలాస వైపు:

అప్పగారు చెప్పినవి అన్నీ చేయండి. నాన్నగారి గురించి నేను చెబుతాను.

వాతావరణ శాఖ మొదట 48 గంటల ముందు అలర్ట్ ఇస్తుంది, తర్వాత 24 గంటల ముందు వార్నింగ్. మీరు ఆ మొదటి అలర్ట్ రోజునే సెంటరుకి ఫోను చేసి, టర్ను ముందుకి జరపమని అడగండి. రెండోదాకా ఆగితే అందరూ అదే అడుగుతారు. సోంపేటలో ఆయన పేరు మీద ఉన్న వివరాలు కాగితం మీద రాయించి తీసుకోండి: డ్రై వెయిట్ (ఒంట్లో ఎక్కువైన నీరు తీసేశాక ఉండాల్సిన బరువు), బ్లడ్ గ్రూపు, హెపటైటిస్ రిపోర్టులు, వాడే మందులు, ఎంతసేపు డయాలసిస్ చేస్తున్నారు. దారి మూసుకుపోయి వేరే సెంటరుకి వెళ్ళాల్సి వస్తే ఆ కాగితం లేకపోతే చాలా టైము పోతుంది. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటరు, ఆసుపత్రి 2023 డిసెంబరు నుంచి ఉన్నాయి. ఇంకా దగ్గరగా ఎక్కడెక్కడ సెంటర్లున్నాయో ఫోను నంబర్లతో సహా ముందే రాసి పెట్టుకోండి. మందులు రెండు వారాలకి సరిపడా ఇంట్లో ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, కొబ్బరి నీళ్ళు. తుఫాను మర్నాడు తోటలో కాయలు కుప్పలుగా పడి ఉంటాయి, తాగడానికి నీళ్ళు ఉండవు. ఊళ్ళో అందరూ బొండాలే కొట్టుకుని తాగుతారు, ప్రేమగా మీ నాన్నగారికీ ఇస్తారు. ఆయన తాగకూడదు. అందులో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ ఆలస్యమైనప్పుడు అది ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. అరటిపళ్ళు కూడా అంతే. ఊరగాయ, ఎండుచేపలు కూడా వద్దు, ఉప్పు తింటే దాహం వేస్తుంది, దాహం వేస్తే నీళ్ళు తాగుతారు, ఆ నీళ్ళు బయటికి పోవు. పప్పుల్లో కూడా పొటాషియం ఉంటుంది కాబట్టి అప్పగారు చెప్పిన పెసరపప్పు అమ్మగారికి సరే, ఆయనకి అన్నం, ఉప్పు లేని అటుకులు లాంటివే ఎక్కువగా పెట్టాలి. డయాలసిస్ ఆలస్యమైతే రోజుకి ఎంత నీళ్ళు, ఏ తిండి అన్నది మీ డాక్టరుని ఇప్పుడే అడిగి అమ్మగారి చేత రాయించండి. ఆయాసం వచ్చినా, ఒళ్ళు మరీ నీరసంగా అయిపోయినా ఆగకుండా 108కి చేయండి. రోడ్డు మీద చెట్లు పడి ఉంటే 112కి కూడా చెప్పండి.

విజయనగరం ఎలక్ట్రీషియన్:

హుద్‌హుద్‌కి మా ఊళ్ళో సెల్ టవర్లు కూడా పోయాయి, కాబట్టి ఫోను మీదే ఆధారపడొద్దు. ముఖ్యమైన నంబర్లు గోడ మీద రాయండి. గాలి మొదలవగానే మెయిన్ ఆఫ్ చేయాలి. కరెంటు వచ్చిందని తెలియగానే ఆన్ చేయొద్దు, తడిసిన స్విచ్ బోర్డులు ఆరాక, మీటరు దగ్గర సర్వీసు వైరు చూసుకున్నాకే. తెగిన వైరు నేల మీద కనిపిస్తే, అందులో కరెంటు లేదని అనుకోవద్దు, కరెంటు వాళ్ళ నంబరు 1912కి చెప్పాలి. పవర్ బ్యాంకు, బ్యాటరీ రేడియో చవితికి వచ్చేటప్పుడే తెచ్చేయండి.

కవిటి అబ్బాయి:

అప్పా, అందరికీ చాలా థాంక్స్. కొబ్బరి నీళ్ళ సంగతి అమ్మకి ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. పోయిన వేసవిలో పక్కింటివాళ్ళు ఇచ్చారట, ఆయన తాగలేదట.

ఒక్క అనుమానం. నాన్న రేకుల మీద ఇసుక బస్తాలు పెడితే చాలు, కొక్కేలు మార్చక్కర్లేదు అంటున్నారు. అది సరిపోతుందా?

మందస అప్ప:

సరిపోదు తమ్ముడూ. బస్తాలు కొక్కేలకి తోడే తప్ప కొక్కేలకి బదులు కాదు. రెండు వాసాల మధ్యలో బరువు పెడితే సిమెంటు రేకు పగిలిపోతుంది, వాసం ఎక్కడుందో సరిగ్గా దాని మీదే పెట్టాలి. ఒక్కో బస్తానీ తాడుతో కలిపి, ఆ తాడు రెండు కొనలూ కింద పాతిన గుంజలకి కట్టాలి, లేకపోతే జారి వాకిట్లో పడతాయి. బస్తాలు ఇప్పుడే నింపి శాల పక్కన ఉంచు, పైకి మాత్రం అలర్ట్ వచ్చాకే ఎక్కించు. వానలకి తడిసి పైనే ఉంటే బరువు పెరిగి రేకుకే చేటు. నాన్నగారికి నచ్చేలా చెప్పాలంటే మేస్త్రీని ఆయన ముందే ఒక నట్టు తిప్పి చూపించమను.