రోజంతా పొట్ట బిగించి ఉంచే అలవాటుతో బొజ్జ తగ్గుతుందా?

నీలిగొడుగు:
మా జిమ్ ట్రైనర్‌ది ఒకటే మాట. "కూర్చున్నా, నిలబడ్డా, బండి నడుపుతున్నా పొట్ట లోపలికి లాగే ఉంచు, కోర్ కండరాలకు, అంటే పొట్ట, నడుము చుట్టూ ఉండేవాటికి, అలవాటైపోతుంది, బొజ్జ దానంతటదే పోతుంది" అంటాడు. ఫిజియోథెరపీ చదివిన మా మరదలు ఇది విని నవ్వేసింది. నాకు నలభై దాటాయి, పొద్దస్తమానం కంప్యూటర్ ముందే. ఎవరి మాట వినాలి?

పొద్దుటినడక:
నా ఓటు ట్రైనర్‌కే. పొట్ట గోడలో అన్నిటికంటే లోపల, నడుము చుట్టూ అడ్డంగా ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ అనే కండరం ఉంటుంది. దాని గురించి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన హాడ్జెస్, రిచర్డ్‌సన్ 1996లో ఒక పరిశోధన ప్రచురించారు. మామూలు మనిషి చెయ్యి ఎత్తబోతుంటే, చెయ్యి కదలకముందే ఈ కండరం బిగుసుకుంటుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లలో ఆలస్యంగా బిగుసుకుంటుంది. అంటే దీనికి అలవాటు అనేది ఉందనేగా? కుర్చీలో జారగిలబడే మనకు అది తప్పింది, మళ్లీ నేర్పాలి. 1977 నుంచి 1979 దాకా వరసగా మిస్టర్ ఒలింపియా బాడీబిల్డింగ్ పోటీ గెలిచిన ఫ్రాంక్ జేన్ ఫొటోలు చూడండి. పొట్ట లోపలికి లాగిన ఆ పోజే ఆయన గుర్తు.

గుంటూరుఘాటు:
అన్నా, ఆ పరిశోధన నడుము నొప్పి మీద. నీలిగొడుగు గారు అడిగింది బొజ్జ గురించి. ఫ్రాంక్ జేన్ ఒంట్లో కొవ్వెక్కడుంది తగ్గడానికి? పైగా అది స్టేజీ మీద కాసేపు పెట్టే పోజు, ఆఫీసులో ఎనిమిది గంటలు పెట్టేది కాదు.

కొవ్వు సంగతికొస్తే, 1984లో అమెరికాలో 13 మంది మగవాళ్ల చేత 27 రోజుల్లో తలా 5,004 సిట్-అప్‌లు చేయించారు. ముందూ తర్వాతా పొట్ట, వీపు, పిరుదుల దగ్గర కొవ్వు కణాలు తీసి కొలిచారు. పొట్ట దగ్గర ప్రత్యేకంగా తగ్గిందేమీ లేదు. అన్ని సిట్-అప్‌లకే కరగనిది ఊరికే బిగపట్టుకుంటే కరుగుతుందా?

పొద్దుటినడక:
కరుగుతుందని నేనెక్కడన్నాను తమ్ముడూ? పొట్ట చదునుగా కనపడటం వేరు, కొవ్వు వేరు. నడుము ముందుకు వంచేసి నిలబడే సన్నటి కుర్రాళ్లకు కూడా బొజ్జ ఉన్నట్టే ఉంటుంది. నిటారుగా నిలబడితే చొక్కా గుండీల దగ్గర తేడా వెంటనే తెలుస్తుంది. పెళ్లి ఫొటోలో అదీ లెక్కే.

ఎదురింటిఫిజియో:
నేను ఈ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను. ఇక్కడ రెండు పనుల్ని కలిపేస్తున్నారు. బొడ్డును వెన్నుపూస వైపు లాగడం ఒకటి. ఎవరో పొట్టలో గుద్దబోతుంటే చుట్టూ గట్టిపడినట్టు బిగించడం ఇంకొకటి. వెన్ను నిలకడకు రెండోదే మేలని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ మెక్‌గిల్ ఏళ్ల తరబడి వాదించారు. నడవడం, కూర్చోవడం లాంటి మామూలు పనులకు కొద్దిపాటి బిగువు చాలనీ అంటారు. నా అనుభవం కూడా అదే.

రోజంతా లోపలికి లాగి ఉంచితే ముందు దెబ్బతినేది ఊపిరి. గాలి పీల్చినప్పుడు ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరం కిందికి దిగాలి, దానికి పొట్ట కాస్త ముందుకు రావాలి. చోటివ్వకపోతే ఊపిరి పైపైనే ఆడుతుంది, మెడ, భుజాలు పట్టేస్తాయి. లోపలి ఒత్తిడి కిందికి, మూత్రాన్ని ఆపి ఉంచే కటి కండరాల మీదకి పోతుంది. దగ్గితే మూత్రం చుక్కలు పడే ఆడవాళ్లకు ఈ సలహా అసలివ్వకూడదు.

బిగించాల్సిన వేళలు వేరే ఉన్నాయి. నిండు గ్యాస్ సిలిండర్ జరిపేటప్పుడు (గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పైకి అటూ ఇటూ), నీళ్ల బిందె ఎత్తేటప్పుడు, పిల్లవాణ్ని చంకనేసుకునేటప్పుడు. ఎత్తే ముందు బిగించండి, దించాక వదిలేయండి. బిగించి మాట్లాడలేకపోతున్నారంటే ఎక్కువ బిగించినట్టే. అలవాటు చేసుకోవాలంటే ఇది చేసుకోండి.

రెండుజడలు:
ఒక మాట అందరూ మర్చిపోతున్నారు. కాన్పు తర్వాత వచ్చే పొట్ట అన్నిసార్లూ కొవ్వు కాదు. పొట్ట మధ్యలో నిలువుగా ఉండే రెండు కండరాలు ఎడమైపోతాయి, దాన్ని డయాస్టాసిస్ రెక్టై అంటారు. మా అమ్మా పెద్దమ్మా నాకు నడికట్టు బిగించి కట్టారు. కట్టినంతసేపు ఆసరాగా హాయిగానే ఉంది, కానీ కండరానికి బలం వచ్చింది ఫిజియో చూపించిన వ్యాయామాలతోనే. వెల్లకిలా పడుకుని తల కొంచెం ఎత్తితే పొట్ట మధ్యలో గట్టులా ఉబికేవాళ్లు యూట్యూబ్ చూసి క్రంచెస్ మొదలుపెట్టకండి, ముందు చూపించుకోండి.

గుంటూరుఘాటు:
అక్క చెప్పింది కరెక్ట్. మగవాళ్ల గట్టి బొజ్జ సంగతీ అంతే. అది కండరం గోడకు లోపల, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు. గోడను ఎంత లాగినా లోపల సరుకు అలాగే ఉంటుంది. నీలిగొడుగు గారూ, టేపు పెట్టి చూసుకోండి. మనవాళ్లకు మగవాళ్లయితే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లయితే 80 దాటితే షుగర్, గుండె జబ్బుల విషయంలో జాగ్రత్తపడాలి. ఊపిరి వదిలాక కొలవండి, లోపలికి లాగి కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు ముద్దపప్పూ నెయ్యీ వేసుకుని రెండోసారి అన్నం వడ్డించుకుంటూ కోర్ గురించి మాట్లాడితే ఏం లాభం?

పొద్దుటినడక:
ముద్దపప్పు జోలికి రావద్దు! ఫిజియో గారు చెప్పిన "కొద్దిపాటి బిగువు" నా వాదనకు దగ్గరగానే ఉంది. ట్రైనర్ చెప్పింది కాస్త ఎక్కువైంది, అంతే.

ఎదురింటిఫిజియో:
దగ్గరగా లేదండీ. మీరు అద్దం కోసం అంటున్నారు, నేను బరువెత్తడం కోసం అంటున్నాను.

నీలిగొడుగు:
కొలిచాను, 97. ట్రైనర్‌ను రేపటి నుంచి ప్లాంక్, సైడ్ ప్లాంక్ లాంటి పొట్ట వ్యాయామాలు నేర్పమంటాను. రాత్రి అన్నం సంగతి ఇంట్లో మాట్లాడాలి, అదే పెద్ద టెన్షన్.