అంగన్‌వాడీ గది ఇల్లులా ఉండాలా, బడిలా కనిపించాలా?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
మా ఊరి అంగన్‌వాడీకి పంచాయతీ రంగులు వేయించబోతోంది. నాలుగు గోడల నిండా అక్షరమాల, అంకెలు, కార్టూన్ బొమ్మలు గీయించాలని పెద్దలు దాదాపు తీర్మానించారు. నేను దీనితో ఏకీభవించడం లేదు. మూడేళ్ల బిడ్డ తల్లి కొంగు వదిలి మొదటిసారి అడుగుపెట్టే ఆ గదిలో లేత రంగు గోడలు, ఒక మూల చాప, పాత చీరలతో కుట్టిన బొంత, చేతికందే ఎత్తులో అరలు, వాటిలో లక్కపిడతలు ఉంటే ఏడుపు త్వరగా ఆగుతుంది. చదువు దాని వెనకే వస్తుంది.

అంగన్‌వాడీ టీచర్, ఖమ్మం జిల్లా:
మాస్టారూ, ఆ బొంత ఉతికేదెవరు? మా కేంద్రంలో వంట, శుభ్రత, పిల్లల మరుగుదొడ్డి అవసరాలు అన్నీ ఒక్క ఆయా మీదే ఉన్నాయి. పైగా తల్లిదండ్రులు గుమ్మంలో నిలబడి ముందు చూసేది గోడలనే. అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ పథకం 1975లో మొదలైనా, మా దగ్గర తిండి పెట్టి పడుకోబెడతారే తప్ప చదువు చెప్పరనే మాట ఇంకా పోలేదు. గోడలు బోసిగా ఉంటే ఆ పిల్లలు మరుసటి ఏడాది ప్రైవేటు బడి బస్సు ఎక్కుతారు.

బాల్య విద్య విద్యార్థిని:
అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు బొమ్మలతో నిండిన గదిలో, కొన్ని గోడలు ఖాళీగా ఉన్న గదిలో చెప్పారు. ఖాళీ గదిలో విన్న పాఠాలపై సరైన జవాబులు 55 శాతం, బొమ్మల గదిలో 42 శాతం వచ్చాయి. ఇది చిన్న అధ్యయనం, ప్రయోగం కోసం అమర్చిన గది. దీన్నిబట్టి గోడలన్నీ తుడిచేయమని నేను చెప్పను. అయితే టీచర్ గారు చెప్పిన గోడలు పెద్దల కోసమే గాని పిల్లల కోసం కావని మాత్రం అంటాను.

ఒక తల్లి, సిరిసిల్ల:
ఇల్లు అనగానే మాస్టారి మనసులో అరుగు, పెరడు ఉన్న ఇల్లు మెదులుతున్నట్లుంది. మా వీధిలో మరమగ్గాల చప్పుడు మధ్య ఒకే గదిలో వండుకొని, తిని, పడుకొనే కుటుంబాలున్నాయి. ఆ పిల్లలకు ఇంట్లో లేనిది అక్కడ దొరకాలి. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజోలో కూలినాలి చేసుకొనేవారి పిల్లల కోసం తొలి కేంద్రం తెరిచారు. పిల్లలే జరుపుకోగల తేలికపాటి కుర్చీలు, బల్లలు, వాళ్లకు అందే అరలు ఆమె పద్ధతికి గుర్తులయ్యాయి. మా పాపకు కావలసిందీ అలాంటిదే: సంచి తగిలించుకోవడానికి తనదైన ఒక కొక్కెం, చదవడం రాదు కనుక దాని పైన పేరుకు బదులు ఒక చిలుక బొమ్మ.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
అమ్మా, కొక్కేల మాట వెంటనే రాసుకున్నాను. బొంత వద్దు, తడిగుడ్డతో తుడుచుకోగల చాప చాలు. అక్షరమాలను వీధి వైపు గోడకు వేయించి, లోపల పిల్లలు గీసినవాటిని మూడడుగుల ఎత్తులో అంటిద్దామని ప్రతిపాదిస్తాను.

అంగన్‌వాడీ టీచర్, ఖమ్మం జిల్లా:
వీధి గోడకు ఒప్పుకుంటాను. కానీ తనిఖీకి వచ్చే సూపర్‌వైజర్ లోపల చార్టులు లెక్కపెడతారు. పిల్లలు గీసిన కాగితాలను ఆమె ఆ లెక్కలో చేరుస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. లేకపోతే జవాబు చెప్పుకోవలసింది నేనే.