‘రన్’కు ఒక్క తెలుగు మాట చాలదు

నిన్న మన బృందంలో ఒక సోదరి అడిగారు: ‘రన్ అనే ఇంగ్లిషు మాటకు తెలుగులో సరైన మాట ఒకటి చెప్పండి, మా అబ్బాయి బడిలో చూపించాలి’ అని. ఒక్క మాట చెప్పలేమమ్మా. పరుగు అని రాసి పంపితే పిల్లవాడికి అన్యాయం చేసినట్టే.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిషు నిఘంటువు కొత్త కూర్పు కోసం ఈ ఒక్క క్రియను సవరించడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది. తేలిన అర్థాలు 645! 1989 నాటి కూర్పులో అన్నిటికంటే పెద్ద పద్దు ‘సెట్’ది. ఇప్పుడు దాన్ని కూడా ఇది దాటేసింది.

ఇంగ్లిషు పరుగెత్తించే చోట తెలుగు చాలాసార్లు నడిపిస్తుంది. దుకాణం నడుపుతాం, బడి నడుపుతాం, బండి నడుపుతాం, సంసారాన్నీ నడుపుకొస్తాం. ఊళ్లో పెద్దాయన మాట నడుస్తుంది. ఫ్యాను తిరుగుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది, కాలువ పారుతుంది, జలుబు చేస్తే ముక్కు కారుతుంది, ఉతికితే చీర రంగు దిగుతుంది. నిజంగా పరుగు మిగిలింది కాళ్లకూ క్రికెట్టుకూ.

మన చెన్నైలో చిక్కు ఇంకొకటి ఉంది. తమిళంలో ‘ఓడు’ అంటే పరుగెత్తు. ఫ్యాను, గడియారం, సినిమా అన్నీ ఓడుతాయి. ‘పడం నల్లా ఓడుదు’ (సినిమా బాగా ఆడుతోంది) అని పక్కింటివారు సంతోషంగా చెబితే తెలుగు చెవికి ముందు ఓటమే వినిపిస్తుంది. ఓటి కుండ, రక్తమోడుతున్న గాయం అన్నప్పుడు మాత్రం మన ‘ఓడు’లోనూ కారడం ఉంది. మొన్న మా మనవరాలు ‘తాతయ్యా, ఫ్యాను పరుగెత్తడం లేదు’ అంది. నేను కోప్పడలేదు. ఆ పిల్ల బడిలో ఇంగ్లిషూ వీధిలో తమిళమూ వింటోంది, రెండూ పరుగే అంటున్నాయి. ‘తిరగడం లేదు’ అనే మాట ఆమె చెవిన పడాల్సింది మా ఇంట్లోనే కదా. అది మా బాధ్యత.

నాకు అన్నిటికంటే ప్రియమైన ఉదాహరణ వంటింట్లోది. బియ్యం అయిపోతే ఇంగ్లిషులో ‘రన్ అవుట్’ అంటారు. మా అమ్మ ‘బియ్యం నిండుకున్నాయి’ అనేది. ఇంట్లో లేదు అనే మాట పలకడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. డబ్బా అడుగు కనిపిస్తున్నా నోటి వెంట నిండుదనమే వచ్చేది. చిన్నప్పుడు నాకు అర్థం కాక డబ్బా మూత తీసి చూసేవాణ్ని. ఇప్పుడు మా ఇంట్లోనే ‘బియ్యం అయిపోయాయి’ అంటున్నారు. అదీ మంచి తెలుగే. కానీ ‘నిండుకున్నాయి’ పోతే నాకు నిజంగా దిగులుగా ఉంటుంది.

కాబట్టి సోదరీ, అబ్బాయి చేత ఒక్క మాట కాకుండా పది వాక్యాలు రాయించండి. అందులో ఒకటి వంటింటి నుంచి తీసుకోండి. మిగతా సభ్యులూ చెప్పండి: మీ ఇళ్లలో ఉప్పు అయిపోతే పెద్దవాళ్లు ఏమనేవారు?